మామిడి లారీ డ్రైవరు చెవి గురించి రవాణా మంత్రి గారికి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ మంత్రి గారికి,

నూజివీడు ప్రాంతం నుంచి ఒక మామిడి తోటదారు నమస్కరించి రాసుకుంటున్న బహిరంగ లేఖ.

కొత్త కారు కొన్నవాళ్లు నలుగురు కలిస్తే ఈ మధ్య ఒక మాట తప్పకుండా వస్తోంది. బండి లోపల సౌండ్‌ప్రూఫింగ్ చేయిస్తే పెట్టిన డబ్బుకు, పడ్డ తిప్పలకు తగ్గ ఫలితం ఉంటుందా అని. తలుపుల అట్టలు ఊడదీయాలి, సీట్లు పీకాలి, కింది తివాచీ ఎత్తాలి, రేకుకు నల్లటి షీట్లు అంటించి మళ్లీ అన్నీ బిగించాలి. అంతా అయ్యాక తలుపు వేస్తే డబ్బా మోత పోయి మెత్తటి చప్పుడు వస్తుంది, పాట శుభ్రంగా వినబడుతుంది. ఆ ముచ్చట మీద నాకు అభ్యంతరం లేదు. కాని అదే ప్రశ్నను మా మామిడి మండలాల్లో తిరిగే బండ్ల ముందు పెడితే జవాబు వేరే దారి పడుతుంది. ఆ దారి మీ శాఖ గుమ్మం దాకా వస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఒక లెక్క చెప్పనివ్వండి. నేను అడగబోయేదంతా దాని మీదే నిలబడి ఉంది. చప్పుడును డెసిబెళ్లలో కొలుస్తారు. మూడు డెసిబెళ్లు పెరిగితే చెవిలోకి చేరే శబ్దశక్తి రెట్టింపు, మూడు తగ్గితే సగం. అయితే ఆ సగం తగ్గుదలను మనిషి పెద్దగా గుర్తించడు. మోత సగానికి పడిపోయినట్టు అనిపించాలంటే దాదాపు పది డెసిబెళ్లు తగ్గాలి. అమెరికా ప్రభుత్వపు వృత్తి ఆరోగ్య సంస్థ నియాష్ పెట్టిన హద్దు రోజుకు 8 గంటలకు 85 డెసిబెళ్లు. 88 ఉంటే 4 గంటలే. 91 ఉంటే 2 గంటలే. 94 ఉంటే ఒక్క గంట.

ఇప్పుడు ఇద్దరు మనుషుల్ని తీసుకుందాం. ఒకరు వారానికోసారి ఇంటిల్లిపాదితో విజయవాడ వెళ్లొచ్చే కారు యజమాని. అద్దాలు ఎత్తుకుంటే ఆయన కారు లోపలి మోత ఎలాగూ ఆ హద్దుకు బాగా దిగువనే ఉంటుంది. షీట్లు వేయించి మూడు డెసిబెళ్లు తగ్గించుకుంటే ఆయనకు దక్కేది కాస్త హాయి. ఇంకొకరు 88 డెసిబెళ్ల క్యాబిన్‌లో పొద్దుటి నుంచి రాత్రి దాకా కూర్చునే డ్రైవరు. అవే మూడు డెసిబెళ్లు ఆయనకు నాలుగు గంటల భద్రతను ఎనిమిది గంటలు చేస్తాయి. తేడా ఆయనకు తెలియకపోవచ్చు, చెవిలోపలి కణాలకు తెలుస్తుంది. కాబట్టి సౌండ్‌ప్రూఫింగ్ దండగా లాభమా అని అడిగితే నేను ముందు అడిగేది ఆ సీట్లో ఎవరు కూర్చుంటారు, ఎన్ని గంటలు కూర్చుంటారు అని. బండి ధర, షీటు ధర ఆ తర్వాతి మాట.

చిక్కు ఎక్కడంటే, ఎక్కువ గంటలు కూర్చునే మనిషిది ఆ బండి కాదు. లారీ ఓనరుది. ఓనరు ఆ సీట్లో రాత్రంతా కూర్చోడు కాబట్టి ఆ మోత ఆయన ఖర్చుల పుస్తకంలోకి రాదు. కిరాయి మాట్లాడుకునే మా తోటదార్ల లెక్కలోకీ, కమీషను వ్యాపారి లెక్కలోకీ రాదు. ఎవరి లెక్కలోనూ లేని నష్టాన్ని బజారు తనంతట తాను సరిచేయదు. ప్రభుత్వమే పూనుకోవాలి.

మా బండ్ల సంగతి చెబుతాను. ఏప్రిల్ నుంచి జూన్ దాకా నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెం తోటల్లో కోత నడుస్తుంది. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, మేం కలెక్టరు కాయ అని పిలుచుకునే తోతాపురి. కోసిన కాయ ట్రాక్టరు ట్రక్కులోనో, టాటా ఏస్‌లోనో, బొలెరో పికప్‌లోనో నున్న మామిడి మార్కెట్‌కు చేరుతుంది. అక్కణ్నుంచి లారీలు కదులుతాయి. ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీ 1,700 కిలోమీటర్ల పైమాటే. కాయ ముగ్గేలోపు దింపాలి, అందుకని దారిలో ఆగడానికి వీలు తక్కువ. కాయకు మేం చేసే మర్యాదలు తక్కువేం కాదు. అడుగున వరిగడ్డి పరుస్తాం, సందు లేకుండా పేరుస్తాం, కాయకూ కాయకూ రాపిడి తగిలితే తొక్క నల్లబడి ధర పడిపోతుందని భయపడతాం. ఆ కాయను అదరగొట్టే అదురే డ్రైవరు చెవిలో మోతగా చేరుతుంది. ఇంజిన్లో, రోడ్డు మీద పుట్టిన కంపనం చట్రం మీదుగా క్యాబిన్ రేకులోకి పాకుతుంది. పలుచటి రేకు దాన్ని గాలిలోకి వదులుతుంది. కాయ కోసం గడ్డి పరిచే మనం ఆ కాయను మోసుకెళ్లే మనిషి కోసం ఏం పరిచాం అన్నది ప్రతి సీజన్లోనూ నన్ను తొలిచే ప్రశ్న.

2005లో వచ్చిన టాటా ఏస్ చిన్న రైతుకు చేసిన మేలు చాలా పెద్దది. తోట గట్టు దాకా వచ్చి కాయ ఎత్తుకుపోయే బండి అంతకు ముందు మాకు లేదు. ఆ తొలి ఏస్‌లో 702 సీసీ రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ సరిగ్గా ముందు సీటు కింద ఉంటుంది. కంపనం, వేడి, మోత మూడూ నడిపేవాడి నడుముకు ఆనుకునే పుడతాయి. సీజన్లో ఒక్కో కుర్రాడు తోటకూ మార్కెట్‌కూ మధ్య చీకటితో మొదలుపెట్టి చీకటి పడేదాకా తిరుగుతాడు. రాత్రి ఇంటికొచ్చాక టీవీ శబ్దం పెంచుతాడు. ఇంట్లోవాళ్లు అరవాల్సి వస్తుంది. వాడికి చెవుల్లో గుయ్ గుయ్ మంటూ ఉంటుంది, పొద్దునకు తగ్గుతుంది, అలవాటైపోతుంది.

ఆ అలవాటు గురించి మీకు కాస్త వివరంగా చెప్పాలి. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి రోమకణాలు ఉంటాయి. అవి చచ్చిపోతే మళ్లీ మొలవవు. మోత వల్ల వచ్చే చెవుడు మొదట 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండే సన్నటి ధ్వనుల్ని తినేస్తుంది. అంటే మాటలో స, శ, ష, చ లాంటి అక్షరాలు ముందు పోతాయి. ఎదుటి మనిషి గొంతు వినబడుతుంది, ఏమన్నాడో అర్థం కాదు. పెళ్లిలో, పంచాయితీలో, నలుగురు ఒక్కసారే మాట్లాడే చోట ఆ మనిషి నవ్వుతూ తల ఊపుతాడు, తర్వాత మెల్లగా పక్కకు తప్పుకుంటాడు. యాభై ఏళ్లు దాటిన లారీ డ్రైవర్లు మా ఊళ్లలో అరుగు మీద ఒంటరిగా కూర్చోవడం చూస్తే వయసు మీద పడిందనుకుంటాం. అందులో వయసు వాటా ఎంత, ఇంజిన్ వాటా ఎంత అని తేల్చడానికి ఎవరూ ఆయన చెవికి పరీక్ష పెట్టలేదు.

ట్రాక్టరు సంగతి ఇంకా కష్టం. మన దేశంలో ట్రాక్టరు నడిపేవాడి చెవి దగ్గర మోతకు నిబంధనలు ఇచ్చిన హద్దు 96 డెసిబెళ్లు. నియాష్ లెక్క ప్రకారం ఆ మోతలో క్షేమంగా గడపగలిగేది 40 నిమిషాల లోపే. తోట దున్నకం పూటంతా సాగుతుంది. ఐరోపా దేశాల్లో ఈ హద్దు కొలిచే పద్ధతిని బట్టి 86, లేదా 90. తొంభై ఆరుకూ ఎనభై ఆరుకూ మధ్య శక్తిలో తేడా పది రెట్లు. కొలవడం తెలిసినవాళ్లు మనకు లేరని అనడానికీ వీల్లేదు. వ్యవసాయ యంత్రాలను పరీక్షించి శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనే ఉంది.

ఇక షీట్ల దగ్గరికి వస్తాను. షాపులో అమ్మేవి మూడు రకాల పనులు చేస్తాయి. బ్యూటైల్ రబ్బరు మీద అల్యూమినియం పొర ఉన్న షీటు రేకు అదురును చంపుతుంది. రేకు మొత్తం కప్పక్కర్లేదు, ఎక్కువగా ఊగే నడిమి భాగంలో అంటిస్తే చాలావరకు సరిపోతుంది. తారుతో చేసిన చౌక రకాలు మన ఎండకు మెత్తబడి వాసన కొడతాయి, పైకప్పు నుంచి ఊడి వేలాడతాయి. రెండో రకం ఫోమ్, ఫెల్ట్ లాంటి పీల్చే సరుకు. మూడోది బరువుతో అడ్డుకునే మందపాటి పొర. గోడ బరువు రెట్టింపు చేస్తే ఎక్కువలో ఎక్కువ ఆరు డెసిబెళ్లు ఆగుతుంది, అంటే బండి బరువెక్కినంతగా మోత తగ్గదు. ఇంకో మాట, తలుపు అడుగున నీళ్లు కారిపోయే రంధ్రాలను షీటుతో మూసేస్తే రెండు వానాకాలాల్లో తలుపు తుప్పు పడుతుంది.

ఫోమ్ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి, దాని మీద ఆశలు ఎక్కువ కాబట్టి. ఆరు సిలిండర్ల లారీ ఇంజిన్ నిమిషానికి 1,800 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 90 సార్లు మండుతుంది. ఆ బండ హోరు తరంగం పొడవు దాదాపు 3.8 మీటర్లు. పది మిల్లీమీటర్ల ఫోమ్ దాన్ని కదిలించలేదు. ఫోమ్ ఆపేది సన్నటి కీచుధ్వనుల్నే. హోరును ఆపాలంటే అది పుట్టిన చోటికే వెళ్లాలి. ఇంజిన్ కింద పగిలిపోయిన మౌంటింగ్ రబ్బర్లు, తూట్లు పడ్డ సైలెన్సర్, వదులైన నట్లు, గేరు రాడ్డు చుట్టూ చిరిగిన రబ్బరు తొడుగు, పెడళ్ల కింద తెరుచుకున్న సందులు. శబ్దానికి సందు దొరికితే చాలు. గోడ ఎంత మందంగా ఉన్నా అందులో నూటికి ఒక్క వంతు తెరిచి ఉంటే ఆ గోడ 20 డెసిబెళ్లకు మించి ఆపలేదు.

అందుకే, మే నెలలో ఏసీ లేని క్యాబిన్‌లో అద్దం దించుకుని నడిపే లారీకీ ఏస్‌కూ తలుపులకు, పైకప్పుకు షీట్లు వేయించడం వృథా ఖర్చు. మా వాళ్లకు నేను ఈ మాటే చెబుతున్నాను. అద్దం తెరిచాక మిగతా గోడకు విలువ లేదు. అలాంటి బండికి పనికొచ్చేవి కొన్నే. ఇంజిన్‌కూ మనిషికీ మధ్య ఉన్న బానెట్‌కు లోపలివైపు మంట పట్టని దళసరి పొర, కింద నేలకు బిగువైన పరుపు, రబ్బరు బీడింగులు కొత్తవి. వీటితో మోతతో పాటు వేడి కూడా తగ్గుతుంది, కాళ్లు కాలకుండా ఉంటాయి. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో బాడీలు కట్టే మేస్త్రీలకు ఈ పని కొత్త కాదు. చెయ్యి తిరిగినవాళ్లు. ఏ సరుకు ఎక్కడ వాడాలో, ఎంత మందం కావాలో చెప్పే ఒక్క కాగితం మీ శాఖ నుంచి వాళ్లకు అందితే చాలు.

ఆ కాగితంలో మొదటి వాక్యం మంట గురించి ఉండాలి. 2013 అక్టోబరు 30న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు కాలిపోయి 45 మంది చనిపోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు పోయారు. ఆ రెండు ప్రమాదాలకూ శబ్దానికీ సంబంధం లేదు. కాని బండి లోపల మనం నింపే ప్రతి ఫోమ్ ముక్కా, ప్రతి రెగ్జినూ నిప్పు అంటుకున్న రోజున ఏమవుతుందో ఆలోచించకుండా లోపల ఏదీ పెట్టకూడదని అవి నేర్పాయి. వాహనాల లోపలి సరుకు ఎంత వేగంగా కాలవచ్చో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 15061 ఉంది. దానికి తూగని సరుకుతో చేసే సౌండ్‌ప్రూఫింగ్ ఎంత చౌకైనా వద్దు. సోఫాలో వాడే ఫోమ్‌ను ఇంజిన్ పక్కన అంటించే పని ఎక్కడ కనబడినా ఆపించండి.

చట్టం ఏమంటోందో చూద్దాం. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో మోత వల్ల వచ్చే చెవుడును వృత్తి జబ్బుగా రాశారు. ఫ్యాక్టరీలో 8 గంటలకు 90 డెసిబెళ్లు దాటరాదన్న నియమం పెట్టారు. ఉద్యోగుల నష్టపరిహార చట్టం షెడ్యూలులోనూ మోత వల్ల వచ్చే వినికిడి లోపాన్ని చేర్చారు. అంటే ఈ జబ్బు నిజమని, పని వల్లే వస్తుందని మన చట్టాలు ఏనాడో ఒప్పుకున్నాయి. గోడల మధ్య యంత్రం పక్కన నిలబడేవాడికి వర్తించిన న్యాయం, చక్రాల మీద యంత్రం పక్కన కూర్చునేవాడి దగ్గరికి వచ్చేసరికి ఆచరణలో ఆవిరైపోయింది. బండి మోతను మనం కొలిచేది ఎక్కువగా బయటివాళ్ల కోసం, దారి మధ్యగీతకు 7.5 మీటర్ల దూరంలో మీటరు పెట్టి. పక్కన నిలబడ్డ మనిషి చెవిని కాపాడటం సరైనదే. లోపలున్న మనిషి చెవి ఇంజిన్‌కు అంతకంటే ఎంతో దగ్గర. ఐరోపా సమాఖ్య 2003లో చేసిన ఆదేశంతో పనిచోట మోతకు 80 డెసిబెళ్ల దగ్గర జాగ్రత్త మొదలుపెట్టి, 87 దగ్గర గట్టి గీత గీసింది. డ్రైవరు కూర్చునే సీటు కూడా అక్కడ పనిచోటే.

మన లైసెన్సు విధానంలో చెవి ప్రస్తావన అసలే లేదని కాదు. ఫారం 1-ఏ వైద్య ధ్రువపత్రంలో దరఖాస్తుదారుకు మామూలు శబ్ద సంకేతాలు వినబడనంత చెవుడు ఉందా అన్న ప్రశ్న ఉంది. డాక్టరు టిక్కు పెడతాడు. ఆ ప్రశ్న అడిగేది ఇతను నడపడానికి పనికొస్తాడా అని. నడపడం వల్ల ఇతనికి ఏమైంది అని అడిగే ఫారం మన దగ్గర లేదు.

మంత్రి గారూ, ఇప్పుడు ఈ మాట ఎందుకు ఎత్తుతున్నానో చెబుతాను. కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2023 డిసెంబరులో ఒక మంచి ఉత్తర్వు ఇచ్చింది. 3.5 టన్నులకు మించిన సరుకు బండ్లు 2025 అక్టోబరు 1 తర్వాత తయారైతే క్యాబిన్‌కు ఏసీ ఉండి తీరాలి. దాన్ని మనసారా స్వాగతిస్తున్నాను. రోహిణి కార్తెలో లారీ క్యాబిన్‌లో ఒక్క గంట కూర్చున్నవాళ్లెవరైనా స్వాగతిస్తారు. ఈ ఉత్తర్వుతో ఒక కొత్త సంగతి కూడా జరిగింది. ఇన్నాళ్లకు లారీ అద్దం మూసుకుంది. అద్దం మూసుకున్న క్యాబిన్‌లోనే సౌండ్‌ప్రూఫింగ్‌కు విలువ వస్తుంది. అంతవరకూ వృథా అన్న పని ఆ రోజు నుంచి అవసరం అవుతుంది.

ఇక్కడ బ్రిటన్ అనుభవం చూడాలి. ట్రాక్టరు బోల్తాపడి రైతులు నలిగి చనిపోతుంటే 1970లో అక్కడి ప్రభుత్వం కొత్త ట్రాక్టర్లకు భద్రతా క్యాబ్ తప్పనిసరి చేసింది. ప్రాణాలు నిలిచాయి. కాని ఇనప చట్రానికి రేకు, అద్దం బిగించేసరికి మోత లోపలే తిరుగుతూ మునుపటి కంటే పెరిగింది. రైతులు చెవుల గురించి గోల పెట్టారు. దాంతో క్యాబ్ లోపల 90 డెసిబెళ్లు మించకూడదన్న నియమం 1976లో అమల్లోకి వచ్చింది. కంపెనీలు క్యాబ్‌ను చట్రం నుంచి రబ్బరు దిమ్మెల మీద విడిగా నిలబెట్టడం, నేలకు దళసరి పరుపులు, పైకప్పుకు పీల్చే పొర, పెడళ్ల సందులు మూయడం అప్పుడు నేర్చుకున్నాయి. క్యూ క్యాబ్ అని పేరు పడ్డ ఆ క్యాబ్‌లు రావడానికి కారణం కొనేవాడి ముచ్చట కాదు, చట్టం. మొదటి చట్టానికీ రెండో చట్టానికీ మధ్య ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లు మనం మళ్లీ పోగొట్టుకోనక్కర్లేదు. ఏసీ ఉత్తర్వు అమల్లోకి వచ్చిన ఈ తరుణంలోనే, అద్దాలు మూసి ఏసీ నడుస్తుండగా పూర్తి లోడుతో డ్రైవరు చెవి దగ్గర మోత ఎంత ఉండాలో గట్టి హద్దు పెట్టి, అదే పరీక్షలో కొలవాలని కేంద్రానికి మన రాష్ట్రం తరఫున మీరు రాయండి. ఆ హద్దు 85కు దగ్గరగా ఉండాలని అడగండి.

దాంతో పాటు ఇంకో మాట కూడా రాయాలి. 3.5 టన్నుల లోపు బండ్లకు ఆ ఏసీ నియమం వర్తించదు. మా కాయను తొలి అంచెలో మోసేది ఆ బండ్లే. వాటికి ఏసీ పెట్టమని నేను పట్టుబట్టను, ఆ ధర మా కుర్రాళ్లు మోయలేరు. సీటు కింద ఇంజిన్ ఉన్న బండికి ఆ ఇంజిన్ పెట్టెకు కంపెనీలోనే మందమైన పొర వేసి పంపమని అడగడం అన్యాయం కాదు. ఆ మార్పు తయారీలో చౌక, తర్వాత ఆటోనగర్‌లో ఖరీదు.

మీ చేతిలోనే ఉన్న పనులూ ఉన్నాయి, వాటికి ఢిల్లీ వైపు చూడక్కర్లేదు. ఫిట్‌నెస్‌కు వచ్చిన సరుకు బండిలో బ్రేకులు, లైట్లు చూసినట్టే డ్రైవరు చెవి దగ్గర మీటరు పెట్టి ఒక అంకె రాయించండి. మొదటి ఏడాది ఎవరికీ జరిమానా వద్దు, అంకె మాత్రం ఓనరు చేతికి, డ్రైవరు చేతికి ఇవ్వండి. కొన్ని వేల బండ్ల అంకెలు పోగైతే ఎక్కడ ఎంత మోత ఉందో రాష్ట్రానికి మొదటిసారి తెలుస్తుంది. జనవరిలో రోడ్డు భద్రతా మాసం పేరుతో డ్రైవర్లకు కంటి పరీక్షలు చేయిస్తున్నారు. ఆ శిబిరంలోనే ఒక గదిలో చెవి పరీక్ష కూడా పెట్టించండి. నున్న మార్కెట్‌లో సీజన్లో లోడు కోసం ఎదురుచూస్తూ డ్రైవర్లు గంటల తరబడి ఖాళీగా ఉంటారు. శిబిరానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

బస్సుల విషయం కొంచెం చెబుతాను, అవి నేరుగా మీవే. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలైంది. అప్పటినుంచి పల్లె వెలుగు బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్టు ఛార్జీ లేదు. బస్సు సీట్లు చాలనప్పుడు ముందువైపు బానెట్ చుట్టూ నిలబడేది, పిల్లల్ని ఆ గట్టు మీద కూర్చోబెట్టుకునేది వాళ్లే. పల్లె వెలుగుకు కిటికీలు తెరిచే ఉంటాయి కాబట్టి దానికి సౌండ్‌ప్రూఫింగ్ అనే పెద్ద మాట వద్దు. బానెట్ కప్పుకు దళసరి లోపలి పొర, వదులైన అద్దాలకు కొత్త రబ్బరు పట్టీలు, సీట్ల నట్లకు బిగింపు చాలు. విద్యాధరపురం వర్క్‌షాపులో ఆర్టీసీ మెకానిక్కులు ఇవన్నీ చేయగలరు. సరుకు, సమయం ఇస్తే చేస్తారు. అలిపిరి నుంచి తిరుమల ఘాట్ ఎక్కే ఎలక్ట్రిక్ బస్సులు 2022 సెప్టెంబరు నుంచి తిరుగుతున్నాయి. వాటిలో ఎక్కినవాళ్లకు తేడా ఎంతో తెలుసు. అలాంటివి మా నూజివీడు డిపోకు ఎప్పుడొస్తాయో మీకే తెలియాలి. అందాకా ఉన్న బస్సుల మోత తగ్గించడానికి అవి అడ్డు కాకూడదు.

ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది. క్యాబిన్ నిశ్శబ్దమైతే వెనక బండి హారన్ వినబడదు, ప్రమాదం అని. హారన్ వినబడటం అన్నది హారన్ గట్టిదనం ఒక్కదాని మీద ఆధారపడదు, చుట్టూ ఉన్న రొదకు అది ఎంత పైన ఉందన్నది ముఖ్యం. సొంత ఇంజిన్ రొద తగ్గితే ఆ మేరకు బయటి హారన్‌కు చోటు దొరుకుతుంది. మన రోడ్ల మీద ఎయిర్ హారన్ల పిచ్చి పెరగడానికి ఒక కారణం కూడా ఇదే. ఎదుటివాడి క్యాబిన్ అంత మోతగా ఉందని అందరికీ తెలుసు, అందుకే అందరూ ఇంకా గట్టిగా మోగిస్తారు. చెవులు దెబ్బతిన్న డ్రైవర్లు అద్దాలు దించుకున్నా హారన్ వినలేరు. అసలు ప్రమాదం అక్కడుంది.

కారు వాళ్ల ప్రశ్నకు కూడా జవాబు చెప్పేస్తాను. రోజూ గంటల తరబడి హైవే మీద తిరిగే వృత్తి ఉంటే, ముందు టైర్లు, తలుపుల రబ్బర్లు సరిచూసుకుని, అప్పటికీ బాధ తీరకపోతే నాలుగు తలుపులకు, నేలకు, చక్రాల గూళ్లకు మంచి రకం షీట్లు వేయించుకోండి. పైసలు వృథా కావు. వారానికోసారి బయటికి తీసే కారుకైతే ఆ డబ్బు వేరే దేనికైనా వాడుకోవచ్చు. ఇంట్లో ఎవరైనా లారీయో, ఆటోయో, ట్రాక్టరో నడుపుతుంటే ఆయనకు చెవి పరీక్ష చేయించి, ట్రాక్టరు మీద ఉన్నంతసేపు పెట్టుకోవడానికి చెవి మూతలు కొనివ్వండి. వాటి ధర షీట్ల ముందు లెక్కలోకి రాదు.

మంత్రి గారూ, ఏప్రిల్‌లో కోత మొదలవుతుంది. ఆలోపే మొదటి చెవి పరీక్షా శిబిరం నున్న మార్కెట్‌లో పెట్టించండి, మొదటి మీటరు నూజివీడు ప్రాంతపు సరుకు బండ్లలో పెట్టించండి, కేంద్రానికి ఉత్తరం రాయండి. మా తోటదార్ల తరఫున చేయాల్సిన సాయం ఏదైనా ఉంటే చెప్పండి. శిబిరానికి వచ్చే డ్రైవర్లకు లోడు వంతు పోకుండా చూసే బాధ్యత మేం తీసుకుంటాం.

ఇట్లు,
మీ విధేయుడు,
నూజివీడు ప్రాంతపు మామిడి తోటదారు